వేలానికొచ్చిన ఇల్లు



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ పెద్దాయన సివిల్ కోర్టుల్లో ఈపీలు, అంటే డిక్రీ అమలు దరఖాస్తులు, నడిపిన న్యాయవాది. డిక్రీ తెచ్చుకోవడం సగం పనేననీ, దాన్ని అమలు చేయించేటప్పుడే ఇరుపక్షాల బతుకులూ బయటపడతాయనీ నమ్మిన మనిషి. ఆయన పేరన మాట్లాడమన్నప్పుడు ఆ చివరి ఘట్టం గురించే మాట్లాడాలనిపించింది. ఇప్పుడా ఘట్టం చాలావరకు కోర్టు ఆవరణ దాటి బ్యాంకుల చేతికి వెళ్లిపోయింది. బాకీ తీరని ఇళ్లను బ్యాంకులు వేలం వేస్తున్నాయి. సొంత ఇల్లు కావాలనుకునే ఉద్యోగులు, డబ్బు తిప్పుకునే పెట్టుబడిదారులు వాటి మీద ఆసక్తి చూపుతున్నారు. ఆ ఆసక్తి మంచిదా, చెడ్డదా, ఎవరికి మంచిదన్నదే ఈ రోజు నా విషయం.

మన దినపత్రికల్లో చిన్న అక్షరాలతో వచ్చే స్వాధీన ప్రకటనలు, వేలం ప్రకటనలు మీరంతా చూసే ఉంటారు. పైన బ్యాంకు పేరు, కింద రుణగ్రహీతల పేర్లు, హామీదారుల పేర్లు, ఆ తర్వాత ఇంటికి నాలుగు వైపులా హద్దులు, చివర అధీకృత అధికారి సంతకం ఉంటాయి. స్వాధీన ప్రకటన రెండు పత్రికల్లో రావాలని, వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలని 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. తమ పేరు అలా అచ్చయిన రోజు ఆ పత్రిక ఎవరి కంటా పడకూడదని ఆ కుటుంబం దేవుడికి మొక్కుకుంటుంది. ఆ బాధ నాకు తెలుసు, నా కక్షిదారుల ముఖాల్లో చూశాను. అయినా నేను చెప్పదలచుకున్నది దానికి ఎదురుగా ఉండే మాట. ఆ ప్రకటన ఎంత ఎక్కువమంది చదివితే, ఎంత ఎక్కువమంది నమ్మి పాటకు వస్తే, ఇల్లు పోగొట్టుకుంటున్న ఆ కుటుంబానికే అంత మేలు.

అప్పుకు ఆస్తి పోవడం మనకు కొత్త కాదు. జప్తు ఉత్తర్వును ఆస్తి దగ్గర డప్పు వేయించి చాటాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 21వ ఆర్డరు, 54వ రూలు చెబుతోంది. కోర్టు అమీనా వెంట టముకు వేసేవాడు రావడం, గుమ్మానికి నోటీసు అంటించడం పాత తరం కళ్లారా చూసిన సంగతులు. 1930లలో ధాన్యం ధరలు కూలి రైతుల భూములు డిక్రీల కింద పోతున్నప్పుడు, మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ చూసింది మన టంగుటూరి ప్రకాశం. ఆ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే 60వ సెక్షను ఉంది. కట్టుబట్టలు, వంట పాత్రలు, పడకలు, చేతివృత్తివారి పనిముట్లు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలు, రైతు నివసించే ఇల్లు జప్తు చేయరాదని అందులో రాసి ఉంది. అప్పు ఎంతైనా మనిషిని నిలువునా ఊడ్చేయకూడదన్న స్పృహ ఆ సెక్షనులో ఉంది. అయితే మనంతట మనమే తనఖా పెట్టిన ఇంటికి బ్యాంకు బాకీ విషయంలో ఆ రక్షణ అందదు. ఇంటి రుణం కాగితాల మీద సంతకం పెట్టే రోజున ఈ సంగతి చెప్పేవారు ఉండరు.

1993లో రుణ వసూలు ట్రిబ్యునళ్లు వచ్చేదాకా బ్యాంకులు మామూలు కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగాయి. తెలుగువారైన ఎం. నరసింహం అధ్యక్షతన 1991లో ఒకటి, 1998లో మరొకటి కమిటీలు బ్యాంకింగ్ సంస్కరణల మీద నివేదికలిచ్చాయి. ఆ ఆలోచనల దారిలోనే 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం బ్యాంకులకు దక్కింది. ట్రిబ్యునల్ గడప తొక్కాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న షరతు కూడా మొదట ఆ చట్టంలో ఉండేది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టి, ఆ షరతును మాత్రం కొట్టేసింది. ఆ తీర్పే లేకపోతే ఈ చట్టం కింద సామాన్యుడికి వినిపించుకునే చోటే ఉండేది కాదు.

ఇక నడక ఇలా ఉంటుంది. వాయిదా 90 రోజులకు పైగా నిలిచిపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. రుణగ్రహీత అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. గడువు దాటితే స్వాధీనం చేసుకుంటుంది. ఆ చర్య మీద 45 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తర్వాత విలువ కట్టించి, రిజర్వు ధర నిర్ణయించి, 30 రోజుల నోటీసుతో మొదటి వేలం పెడుతుంది. పాటదారులు రాకపోతే తర్వాతి వేలానికి 15 రోజుల నోటీసు చాలు.

ఇందులో డబ్బు లెక్క ఒకసారి చూడాలి. విజయవాడ శివారులో ఒక ఫ్లాటు ఉందనుకుందాం. తీరిగ్గా అమ్ముకుంటే 70 లక్షలు పలికేది. వడ్డీతో కలిపి బాకీ 58 లక్షలు. రిజర్వు ధర 50 లక్షలు. ఇద్దరే వచ్చారు, 51 లక్షలకు పాట ముగిసింది. వేలం ఖర్చుల సంగతి పక్కన పెట్టినా, ఇల్లు పోయాక కూడా 7 లక్షల బాకీ మెడకు వేలాడుతూనే ఉంటుంది. దాని కోసం సర్ఫేసీ చట్టం 13వ సెక్షను, 10వ ఉపసెక్షను కింద బ్యాంకు, మొత్తాన్ని బట్టి, ట్రిబ్యునల్‌కో తగిన కోర్టుకో మళ్లీ వెళ్లవచ్చు. హామీ సంతకం పెట్టిన బావమరిదికి కూడా నోటీసు వస్తుంది. అదే పాటకు పదిహేను మంది వచ్చి 64 లక్షల దాకా పెంచి ఉంటే బాకీ మొత్తం తీరిపోయేది. ఖర్చులు పోను మిగిలింది 7వ ఉపసెక్షను ప్రకారం హక్కుదారుకు, అంటే మామూలుగా ఆ ఇంటివారికే, తిరిగి రావాలి. ఒక పిల్ల చదువుకో, అద్దె ఇంటి అడ్వాన్సుకో అది సరిపోతుంది. పాటకు వచ్చినవారి సంఖ్య ఒక కుటుంబం మళ్లీ నిలబడటమో, మునిగిపోవడమో తేలుస్తోంది.

మరి జనం ఎందుకు రారు? మొదటి కారణం మన నమ్మకాల్లోనే ఉంది. ఏడుస్తూ ఖాళీ చేసిన ఇంట్లో కాపురం పెడితే ఉసురు తగులుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఈ మాటను మూఢనమ్మకమని తోసిపారేయడం నాకిష్టం లేదు. సాటి మనిషి కష్టం మీద లాభపడకూడదన్న నీతి దాని వెనక ఉంది. అయితే మంచి మనసున్నవాళ్లు తప్పుకుంటే వేలం ఆగిపోదు, పాట పాడేవాళ్లు తగ్గుతారంతే. ముందే కూడబలుక్కుని, ఒకరి మీద ఒకరు పాట పెంచకుండా రింగయ్యేవాళ్లకు మైదానం ఖాళీగా దొరుకుతుంది. ఇల్లు రిజర్వు ధరకే పోతుంది. ఉసురుకు భయపడి రాని ఏ ఉపాధ్యాయురాలో న్యాయమైన ధర పెట్టి పాడి ఉంటే, ఆ కుటుంబం మీద మిగిలే బాకీ తగ్గి ఉండేది. వేలంలో న్యాయమైన ధరకు ఇల్లు కొనేవాళ్లు ఎవరికీ అన్యాయం చేయడం లేదు. ఈ మాట నేను ధైర్యంగా చెబుతాను, ఇంట్లో పెద్దలకు మీరూ చెప్పండి.

రెండో కారణం భయం, దానికి ఆధారం లేకపోలేదు. బ్యాంకు తన ప్రకటనలో ఆస్తిని ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే అమ్ముతున్నామని, తర్వాత వచ్చే చిక్కులకు బాధ్యత లేదని రాస్తుంది. ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం స్వాధీనం సంగతి. గోడకు నోటీసు అంటించి, పంచనామా రాసుకుని వచ్చేస్తే దాన్ని లాంఛనప్రాయ స్వాధీనం అంటారు. లోపల మనుషులు అలాగే ఉంటారు. అలాంటి ఇల్లు పాడుకున్నవారికి సేల్ సర్టిఫికెట్ అందుతుంది కానీ తాళం అందదు. 14వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరకో, చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ దగ్గరకో బ్యాంకు వెళ్లాలి. 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని, కారణం రాసి మొత్తం 60 రోజులు దాటకుండా పొడిగించుకోవచ్చని చట్టం అంటోంది. ఆచరణలో అంతకన్నా చాలా ఆలస్యమైన ఫైళ్లు నేనెన్నో చూశాను. ఈలోగా కొన్న మనిషి ఇటు అద్దె, అటు కొత్త రుణం వాయిదా, రెండూ కడుతూ కూర్చుంటాడు.

లోపల ఉన్నది అద్దెదారు అయితే మరో చిక్కు. విశాల్ కల్సారియా కేసులో 2016లో సుప్రీంకోర్టు, రాష్ట్రాల అద్దె చట్టాల రక్షణ ఉన్న అద్దెదారును సర్ఫేసీ పేరు చెప్పి తోసేయడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు సరైనదే. నెలనెలా అద్దె కడుతున్న కుటుంబానికి యజమాని అప్పుతో ఏ సంబంధమూ లేదు. కరెంటు బకాయి విషయం చూడండి. పాత యజమాని బకాయి కట్టాకే కొత్త కనెక్షన్ ఇస్తామని విద్యుత్ సంస్థ పట్టుబట్టడానికి నిబంధనలు వీలిస్తే అది చెల్లుతుందని 2023లో కె.సి. నైనన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులన్నీ ఉన్నది ఉన్నట్టుగా వేలంలో కొన్నవారివే. అపార్ట్‌మెంటు అయితే సంఘానికి కట్టాల్సిన నిర్వహణ బకాయి, ఇంటి పన్ను, నీటి పన్ను కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడాలి. అసైన్డ్ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి మీద కట్టిన ఇళ్లకు కూడా ఎక్కడో ఒక బ్యాంకు అప్పిచ్చి ఉంటుంది. బ్యాంకు అప్పిచ్చింది కాబట్టి కాగితాలు శుభ్రంగా ఉంటాయన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. దాన్ని వదులుకోవాలి. ఈసీని, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ను, వీలైనన్ని ఏళ్లకు తీయించి లింకు డాక్యుమెంట్లతో సరిపోల్చాలి. ఒకే ఇంటి మీద రెండు బ్యాంకుల అప్పులు ఉన్నాయేమో తెలుసుకోవడానికి 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. కొద్దిపాటి రుసుముతో అందులో వెతకవచ్చు. ప్లానుకు మించి వేసిన అంతస్తులో ఉన్న ఫ్లాటా, భూమిలో అవిభాజ్య వాటా దస్తావేజులో రాసినంత ఉందా అన్నవి ఇంజనీరుకో, అనుభవం ఉన్న న్యాయవాదికో చూపించుకోవాలి. శివారు లేఅవుట్లలో ఇంకో సమస్య వస్తుంది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదని దాని 31వ సెక్షను అంటోంది. వేలం అయ్యాక, అది వ్యవసాయ భూమేనంటూ రుణగ్రహీత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. రికార్డులో మాట ఒక్కటే చాలదని, భూమి అసలు స్వభావం చూడాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పాక ప్రతి కేసూ వాస్తవాల మీద వాదించాల్సి వస్తోంది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు పవర్ ఆఫ్ అటార్నీతో పాట పాడించే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ప్రవాస భారతీయులు ఇల్లు, దుకాణం కొనవచ్చు కానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు అసలు మాట. బయటి ధర కన్నా వేలంలో ఇల్లు చౌకగా రావడానికి కారణం ఈ అనిశ్చితే. పెట్టుబడిదారు దాన్ని లెక్కగట్టగలడు. అతనికి ఒక న్యాయవాది ఉంటాడు, ఏడాది ఆగే ఓపిక ఉంటుంది, పది ఇళ్లలో ఒకటి ఇరుక్కున్నా మిగతా తొమ్మిది కాపాడతాయి. ఒకే ఒక్క ఇల్లు కొనే కుటుంబానికి ఆ అవకాశం లేదు. పెట్టుబడిదారులందరూ రాబందులని నేననను. ఎవరూ ముట్టుకోని చిక్కుల ఇంటిని తీసుకుని, తగాదా తేల్చి, బాగుచేసి అమ్మేవాళ్లు చేసేది నిజంగా పనే, దానికి ప్రతిఫలం న్యాయమే. నా అభ్యంతరం వేరు. ఈ అనిశ్చితిలో ఎక్కువ భాగం బ్యాంకులు తలుచుకుంటే తొలగిపోయేది. మార్చి నెలాఖరులోగా లెక్క చూపించాలన్న తొందరలో, మనుషులున్న ఇంటిని లాంఛనప్రాయ స్వాధీనం మీదే వేలం పెడుతున్నారు. ఆ తొందర వల్ల తగ్గే ధర బ్యాంకు అధికారి జేబులోంచి పోదు. ఇల్లు పోగొట్టుకున్నవారి లెక్కలోంచి పోతుంది.

డబ్బు కట్టే గడువు కూడా కుటుంబాలకు అడ్డుగోడే. సాధారణంగా రిజర్వు ధరలో పదో వంతు ధరావతుగా ముందే కట్టాలి. పాట గెలిచిన రోజో, మరుసటి పనిదినమో దానితో కలిపి 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతానికి 15 రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించవచ్చు. జీతం మీద బతికేవారు మూడు వంతుల డబ్బు రుణంగా తెచ్చుకోవాలి. స్వాధీనం లేని ఇంటికి మరో బ్యాంకు 15 రోజుల్లో రుణం మంజూరు చేయడం కష్టం. గడువు తప్పితే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో షణ్ముగవేలు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కట్టిన 25 శాతం మొత్తం జప్తు కావడం చట్టబద్ధమేనంది. ఆ కేసులో పోయింది మూడు కోట్లకు పైమాటే. అందుకే రుణం ముందస్తుగా మంజూరు కాకుండా పాటకు వెళ్లవద్దని నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టడం కూడా కొనేవారి బాధ్యతే.

ఇల్లు కొనేవారికీ పెట్టుబడిదారులకూ మధ్య ఈ పోటీని బాగా పెద్ద ఎత్తున చూసిన దేశం అమెరికా. 2008 సంక్షోభంలో లక్షల కుటుంబాల ఇళ్లు బ్యాంకుల పాలయ్యాయి. 2012 నుంచి బ్లాక్‌స్టోన్ స్థాపించిన ఇన్విటేషన్ హోమ్స్ లాంటి సంస్థలు అట్లాంటా, ఫీనిక్స్ లాంటి నగరాల్లో వేల ఇళ్లు కొని అద్దెకిచ్చాయి. పడిపోతున్న ధరలకు ఆ కొనుగోళ్లు ఒక అడుగునిచ్చాయని ఆర్థికవేత్తలు కొందరు వాదిస్తారు, అందులో నిజం ఉంది. కానీ అదే వీధిలో సొంతిల్లు కొనుక్కోవాలని డబ్బు కూడబెట్టుకుంటున్న కుటుంబం మొత్తం నగదు చేతబట్టుకుని వచ్చే సంస్థతో పోటీ పడలేకపోయింది. దాన్ని సరిదిద్దడానికి అక్కడ చేసిన పనులు మనం చదవాలి. ఫానీ మే అనే గృహరుణ సంస్థ 2009లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. తన చేతికొచ్చిన ఇంటిని అమ్మకానికి పెట్టిన తొలి రోజుల్లో, అందులో ఉండటానికి కొనేవారి ప్రతిపాదనలే చూస్తుంది, పెట్టుబడిదారులు ఆగాలి. మొదట 15 రోజులున్న ఆ గడువును తర్వాత 30 రోజులు చేశారు. కాలిఫోర్నియా 2020లో ఇంకో అడుగు వేసింది. వేలం అయ్యాక కూడా, ఆ ఇంట్లోని అద్దెదారులకూ అందులో నివసించబోయే కొనుగోలుదారులకూ 45 రోజుల దాకా అవకాశమిచ్చే చట్టం చేసింది. అర్హుడైన అద్దెదారు గెలిచిన పాటకు సమానంగా కట్టి, మిగతావారు దాన్ని మించి కట్టి ఇల్లు దక్కించుకోవచ్చు.

మన దగ్గర మొదటి వేలానికి ఎటూ 30 రోజుల నోటీసు ఉంది. కొంత విలువకు లోబడిన ఇళ్లకు తొలి విడత పాటను, సొంతంగా నివసిస్తామని ప్రమాణపత్రం ఇచ్చినవారికే పరిమితం చేయవచ్చు. రిజర్వు ధర రాకపోతే రెండో విడత అందరికీ తెరవాలి. దీని వల్ల ధర తగ్గుతుందన్న భయం కొందరికి ఉంది. రిజర్వు ధర కిందికి అమ్మాలంటే రుణగ్రహీత సమ్మతి కావాలని నిబంధనల్లో ఇప్పటికే ఉంది కాబట్టి ఆ భయం పెద్దది కాదు. అమ్ముతున్న బ్యాంకే గెలిచినవారికి రుణం ఇచ్చే ఏర్పాటు చేస్తే 15 రోజుల గడువు అడ్డంకి కాదు.

ఇంతకన్నా తేలికైన పని ఇంకొకటి ఉంది. ఇంటి రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు తన ప్యానెల్ న్యాయవాది చేత లీగల్ ఒపీనియన్, తన ఇంజనీరు చేత విలువ నివేదిక తీసుకుంటుంది. వాటి రుసుము సాధారణంగా రుణగ్రహీతే కడతాడు. ఆ నివేదికలు బ్యాంకు ఫైల్లో పడి ఉంటాయి. వేలానికి వచ్చినప్పుడు మాత్రం హక్కుల సంగతి మీరే విచారించుకోండని పాటదారులకు చెబుతారు. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలం ఆస్తులన్నీ ఒకే చోట చూపే బ్యాంక్‌నెట్ పోర్టల్ 2025 జనవరిలో కొత్త రూపంలో వచ్చింది, మొదట్లోనే లక్షకు పైగా ఆస్తులు అందులో చేరాయి. మంచి ప్రయత్నం. కానీ నేను చూసినంతలో చాలా ఆస్తులకు అక్కడ దొరికే వివరాలు పత్రిక ప్రకటనకు మించి లేవు. ఆ లీగల్ ఒపీనియన్ అందులో పెట్టాలి. స్వాధీనం ఏ రకమో, లోపల ఎవరున్నారో, ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తోందా లేదా, పన్నుల బకాయి ఎంతో, అన్నీ తెలుగులో రాయాలి. రుణగ్రహీత డబ్బుతో తయారైన కాగితం అతని ఇంటికి మంచి ధర రప్పించడానికి పనికిరాకుండా బీరువాలో ఉండటం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇల్లు పోగొట్టుకునే దశలో ఉన్నవారికి ఒక హెచ్చరిక. పాట ముగిసేదాకా డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. 2016 సవరణకు ముందు పరిస్థితి అలాగే ఉండేది. ఇప్పుడు 13వ సెక్షను, 8వ ఉపసెక్షను ప్రకారం వేలం ప్రకటన వెలువడేలోపే బాకీ మొత్తం కట్టాలి. 2023 సెప్టెంబరులో సెలిర్, బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసింది. 105 కోట్లకు పైగా పాట గెలిచినవారు ఉండగా, తర్వాత 129 కోట్లు కడతానన్న రుణగ్రహీత మాట చెల్లలేదు. పాట గెలిచినవారికి భరోసా లేకపోతే ఎవరూ పాటకు రారు కాబట్టి ఆ తీర్పు తర్కం నాకు అర్థమవుతుంది. కానీ ఆ తేదీ దాటితే హక్కు పోతుందని నోటీసులో మొదటి వాక్యంగా, పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయకపోవడం అన్యాయం. 60 రోజుల నోటీసు అందగానే పరువు కోసం దాచిపెట్టవద్దు. ఆ నోటీసు తర్వాత బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మడం కుదరదు, అనుమతితో కుదురుతుంది. మీరే కొనుగోలుదారును వెతికి, బ్యాంకుకు తీసుకువెళ్లి, బాకీ కట్టించి, మిగిలింది తెచ్చుకుంటే వేలం కన్నా దాదాపు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

ట్రిబ్యునల్ తీర్పు నచ్చక అప్పీలు చేసుకోవాలంటే బాకీలో సగం, తగ్గిస్తే కనీసం పావు వంతు డిపాజిట్ చేయాలి. హైదరాబాదు, విశాఖపట్నం ట్రిబ్యునళ్ల మీద అప్పీలు వినే చోటు కోల్‌కతా. ఇల్లు పోతున్న నెల్లూరు కుటుంబం పావు వంతు డబ్బు సర్దుకుని కోల్‌కతాలో న్యాయవాదిని పెట్టుకోవాలన్నమాట. రెండు తెలుగు రాష్ట్రాల న్యాయవాద సంఘాలు కలిసి అప్పిలేట్ ట్రిబ్యునల్ బెంచి ఒకటి ఇక్కడ కూర్చోవాలని అడగాలి. ఇక్కడున్న యువ న్యాయవాదులు ఆ పని మొదలుపెడితే నా చేతనైన సాయం చేస్తాను.

చివరిగా ఒక చిన్న పని, ఇది ఎవరైనా రేపే చేయవచ్చు. వేలం ముగిశాక చాలా కుటుంబాలు సిగ్గుతో బ్యాంకు వైపు చూడటం మానేస్తాయి. ఇల్లు ఎంతకు పోయిందో, ఖర్చుల కింద ఎంత రాసుకున్నారో, అసలుకు ఎంత, వడ్డీకి ఎంత జమ చేశారో, ఏమైనా మిగిలిందో అడగరు. అడగాలి. అధీకృత అధికారికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి, పూర్తి లెక్క ఇవ్వమని, మిగులు ఉంటే 13వ సెక్షను, 7వ ఉపసెక్షను కింద ఇప్పించమని కోరండి. జవాబు రాకపోతే ఆ ఉత్తరం నకలుతో, పోస్టు రసీదుతో ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఉత్తరం రాయడం చేతకానివారు మీకు తెలిసినవారిలో ఉంటే మీరు రాసిపెట్టండి.